మిక్సీ జారులో కూలే గోడలు

అరటిపండు ఒలిచి పళ్లెంలో పెడితే చాలాసేపు దాని రంగు పెద్దగా మారదు. అదే పండును మిక్సీ పట్టి గ్లాసులో పోసి ఉంచితే కాసేపటికే పైపొర గోధుమరంగుకు తిరుగుతుంది. బొప్పాయి ముక్కలు తిని వెంటనే పాలు తాగినా చేదు తగలదు. బొప్పాయిని పాలతో కలిపి మిక్సీ పట్టి రెండు గంటలు పక్కన పెడితే ఒక్క గుక్క కూడా మింగలేం. పండు అదే, పాలు అవే. మధ్యలో జరిగిందల్లా ఒక నిమిషం మిక్సీ తిరగడమే. ఇంట్లో చేసుకునే పండ్ల స్మూదీలో ఉన్న విజ్ఞానమంతా ఆ నిమిషంలోనూ, దాని తర్వాత గ్లాసు ఖాళీ అయ్యేదాకా గడిచే సమయంలోనూ ఉంది.

దీన్ని పరిశీలించడానికి సూరత్‌లోని నవాగామ్ కంటే మంచి చోటు నాకు తోచదు. ఉధ్నా దాటి డిండోలీ వైపు వెళ్తే వచ్చే పేట అది. కరీంనగర్, వరంగల్, నల్లగొండ ప్రాంతాల నుంచి సాంచాల (మరమగ్గాల) మీద బతుకుదెరువు వెతుక్కుంటూ వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఇక్కడా, పక్కన లింబాయత్‌లోనూ ఉన్నాయి. వాళ్లలో పద్మశాలీలు ఎక్కువ. సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో కూడా బడులు నడుపుతోందంటే ఆ జనాభా ఎంత వేళ్లూనుకుందో తెలుస్తుంది. ఇక పండ్ల సంగతి చెప్పనక్కర్లేదు. దక్షిణాన నవసారి, వల్సాడ్ జిల్లాల్లో సపోటా తోటలు, ఉత్తరాన భరూచ్ దాకా అరటి తోటలు. వేసవి రాగానే వల్సాడ్ హాపుస్, సౌరాష్ట్ర నుంచి గిర్ కేసర్ మామిడి బండ్లమీదికి దిగుతాయి. సుముల్ డెయిరీ పాలు గుమ్మంలోకే వస్తాయి. పన్నెండు గంటల షిఫ్టు చేసి చెమటతో ఇంటికొచ్చే మనిషికి చల్లటి గ్లాసు అందించాలని ఏ ఇల్లాలికి ఉండదు?

ముందు పండు లోపలికి వెళ్దాం. పండు గుజ్జులో ఒక్కో కణం అడ్డంగా కొలిస్తే సుమారు మిల్లీమీటరులో పదో వంతు ఉంటుంది. అది గదులుగా విడగొట్టిన ఇల్లు లాంటిది. మధ్యలో రిక్తిక అనే పెద్ద గది. చక్కెరలు, పులుపునిచ్చే ఆమ్లాలు, వగరునిచ్చే ఫినాల్ పదార్థాలు అందులో నిలవుంటాయి. పక్కన ప్లాస్టిడ్‌లనే చిన్న గదుల్లో కొన్ని ఎంజైమ్‌లు ఉంటాయి. రిక్తికలోని సరుకూ ప్లాస్టిడ్‌లోని ఎంజైమూ ఎదురుపడితే రసాయన చర్య మొదలవుతుంది, కానీ మధ్యలో పొర ఉన్నంతకాలం అవి ఎదురుపడవు. ఈ మొత్తానికీ బయట సెల్యులోజ్, పెక్టిన్‌లతో కట్టిన కణకవచం కాపలా. చెట్టు నుంచి కోసిన తర్వాత కూడా పండు శ్వాసిస్తూ ఈ ఏర్పాటును నిలబెట్టుకుంటూనే ఉంటుంది. మిక్సీ రెక్క తగిలిన క్షణంలో ఆ కట్టడి పోతుంది.

రెక్క ఎంత వేగంగా తగులుతుందో చిన్న లెక్క వేద్దాం. రెక్క ఈ కొస నుంచి ఆ కొసకు 6 సెంటీమీటర్లు, మోటారు నిమిషానికి 15 వేల చుట్లు తిరుగుతోంది అనుకుందాం. అప్పుడు కొస వేగం సెకనుకు 47 మీటర్లు, అంటే గంటకు దాదాపు 170 కిలోమీటర్లు. ఆ దెబ్బకు ముక్కలు తెగడం ఒక ఎత్తు, రెక్క చుట్టూ సుడి తిరిగే ద్రవంలో పక్కపక్క పొరలు వేర్వేరు వేగాలతో జారుతూ కణాలను చీల్చేయడం ఇంకో ఎత్తు. అందుకే జారులో కాస్తయినా ద్రవం ఉండాలి. పొడి ముక్కలే వేస్తే రెక్క చుట్టూ గాలి గుహ ఏర్పడి, మోటారు అరుస్తుంది గానీ పండు కదలదు. పాలో నీళ్లో ముందు పోసి, రెక్క మునిగాక ముక్కలు వేయాలి.

గిన్నె అడుగున తిరిగే రెక్కను మొదట పెట్టింది 1922లో అమెరికాలో స్టీఫెన్ పోప్లావ్‌స్కీ. సోడా దుకాణాల్లో మాల్టు పాలు కలపడానికి చేశాడు. మెత్తటి వాటికి పనికొచ్చే ఆ సరంజామా మన మినప్పప్పుకూ ఎండుకొబ్బరికీ తట్టుకోలేదు. బొంబాయిలో మాధురి మాథుర్ వాడుతున్న జర్మన్ మిక్సర్ కాలిపోతే, ఇంజినీరైన ఆమె భర్త సత్యప్రకాశ్ మాథుర్ భారతీయ వంటకు తగిన బలమైన మోటారుతో యంత్రం తయారుచేశాడు. 1963లో సుమీత్ పేరుతో వచ్చింది. మన ఇళ్లలోని 500, 750 వాట్ల మిక్సీలన్నీ ఆ దారిలో వచ్చినవే. స్మూదీ కోసం విడిగా బ్లెండర్ కొనమని చెప్పేవాళ్ల మాట నేను ఒప్పుకోను. పప్పు రుబ్బే యంత్రానికి సపోటా ఒక లెక్కా?

సపోటాతోనే మొదలుపెడదాం, నవాగామ్ బజారులో అందరికీ అందే పండు కాబట్టి. పచ్చి సపోటా గీరితే తోలు కింద ఆకుపచ్చ కనిపిస్తుంది, పాలు కారతాయి. ఆ చెట్టు పాలనే మధ్య అమెరికాలో కాచి ఒకప్పుడు చూయింగ్ గమ్ చేసేవారు. ఆ దశలో పండు నిండా టానిన్‌లు ఉంటాయి. అవి మన లాలాజలంలోని ప్రోటీన్‌లను పట్టుకుని గడ్డకట్టిస్తాయి. నోట్లో జారుడు పోయి నాలుక బిగుసుకున్నట్టు అనిపించే వగరు అదే. పండు మాగేకొద్దీ టానిన్‌లు పెద్ద పెద్ద గొలుసులుగా కలిసిపోయి కరగడం మానేస్తాయి, వగరు తగ్గుతుంది. పిండిపదార్థం చక్కెరగా మారుతుంది. కణాల మధ్య సిమెంటులా ఉన్న పెక్టిన్‌ను ఎంజైమ్‌లు కొరికి మెత్తబరుస్తాయి. అరటిలో ఈ మార్పు ఇంకా కొట్టొచ్చినట్టు ఉంటుంది: పచ్చికాయ గుజ్జులో అయిదో వంతు దాకా ఉండే పిండిపదార్థం బాగా పండేసరికి ఒకటి రెండు శాతానికి దిగిపోతుంది. పచ్చి పండుతో చేసి మూడు చెంచాల చక్కెర వేయడం కంటే రెండు రోజులు ఆగడం మేలు.

మాగబెట్టడం మన పెద్దలకు తెలిసిన విద్యే. గడ్డిలోనో బియ్యం డబ్బాలోనో పండ్లు పెడితే, పండు తనంతట తాను వదిలే ఎథిలీన్ వాయువు బయటికి పోకుండా అక్కడే పేరుకుని మిగతా పండ్లను కూడా తొందరపెడుతుంది. వ్యాపారులు ఎథిలీన్‌నే గదుల్లోకి పది లక్షల వంతుల గాలిలో 100 వంతుల దాకా వదలడానికి మన దేశంలో అనుమతి ఉంది. కాల్షియం కార్బైడ్ మాత్రం నిషేధం. దాని నుంచి వచ్చే ఎసిటిలీన్ వెంట ఆర్సెనిక్, ఫాస్ఫరస్ మలినాలు రావచ్చు.

పండిన సపోటాలు మూడు నాలుగు, తోలు తీసి గింజలు తీసేసి, ఒక గ్లాసు చల్లటి పాలతో మిక్సీ పట్టండి. ఇంకేమీ అక్కర్లేదు. చిక్కగా, నురగతో వస్తుంది. ఆ చిక్కదనం విడుదలైన పెక్టిన్‌దీ, తెగిన కణకవచాల తునకలదీ. సూరత్ వీధుల్లో పేరుపొందిన కోల్డ్ కోకోకు చిక్కదనం పాలలో ఉడికించిన మొక్కజొన్న పిండి వల్ల వస్తుంది. ఇక్కడ పొయ్యి వెలిగించకుండానే పండు గోడలే ఆ పని చేస్తాయి. గ్లాసులో కాసేపు ఉంచితే గుజ్జూ నీళ్లూ విడిపోతాయి. తునక ఎంత చిన్నదైతే అంత నెమ్మదిగా కదులుతుంది. వ్యాసం సగమైతే వేగం నాలుగో వంతుకు పడిపోతుంది. మరో ఇరవై సెకన్లు ఎక్కువ తిప్పినందుకు దక్కే ఫలితం అది.

సపోటా, అరటి పాలకు పొంతన కుదిరే పండ్లు. కమలా, అనాస అలా కావు. పాల పి.హెచ్. సుమారు 6.6. పులుపు చేరి అది 4.6 దగ్గరికి దిగితే కేసీన్ ప్రోటీన్ రేణువులు ఒకదాన్నొకటి తోసుకోవడం మానేసి గుంపుకట్టి పాలు విరిగిపోతాయి. పెరుగులో ఆ పని సూక్ష్మజీవులు ముందే నెమ్మదిగా, నున్నగా చేసిపెట్టాయి. ఇక విరగడానికేమీ మిగల్లేదు. పుల్లటి పండ్లకు పాలు మాని పెరుగు పట్టుకోవడంలో ఉన్న కారణం అంతే.

ఇప్పుడు బొప్పాయి. నవాగామ్‌లో ఒక ఇంట్లో మాటల మధ్య ఆ ఇంటి అక్క అడిగింది: “పొప్పడిపండు, పాలు కలిపి మిక్సీ పట్టి పెట్టిన అన్నా. మా ఆయన డ్యూటీ నుంచి వచ్చి తాగేసరికి చేదైంది. పాలు కరాబైనయా?” పాలు కరాబు కాలేదు. బొప్పాయిలో పపైన్ అనే ఎంజైమ్ ఉంది. పచ్చికాయ పాలలో ఎక్కువ, పండులో తక్కువ, కానీ ఆ తక్కువే చాలు. అది ప్రోటీన్‌లను కత్తిరిస్తుంది. కేసీన్ పొడవాటి గొలుసుగా ఉన్నంతకాలం దానికి రుచి లేదు. దాన్ని ముక్కలు చేస్తే, లోపల దాక్కున్న, నీటికి దూరంగా ఉండే భాగాలు బయటపడతాయి. ఆ చిన్న ముక్కల్లో చాలావాటికి చేదుంటుంది. అనాసలోని బ్రొమెలైన్, కివీలోని ఆక్టినిడిన్ చేసేదీ ఇదే. మాంసం మెత్తబడటానికి పచ్చి బొప్పాయి రాసే వంటవాడు ఈ ఎంజైమ్‌నే వాడుకుంటున్నాడు.

అక్కతో నేను చెప్పింది: ఆయన గుమ్మంలోకి వచ్చాక మిక్సీ తిప్పండి, పండు ముక్కలు మాత్రం ముందే కోసి ఫ్రిజ్‌లో పెట్టుకోండి. ముక్కలో తెగిన కణాలు పైపొరలోవే, లోపలివి చెక్కుచెదరవు. అనాసనైతే ముక్కలను కొద్ది నీళ్లలో ఒక పొంగు ఉడికించి చల్లార్చినా సరే. ఎంజైమ్ కూడా ప్రోటీనే కాబట్టి ఆ వేడికి దాని ఆకారం చెడి పని మానేస్తుంది. ఫ్రిజ్ చలికి మాత్రం చావదు, మందగిస్తుంది అంతే.

అరటి రంగు మారడంలో కథ వేరే ఎంజైమ్‌ది. పేరు పాలీఫినాల్ ఆక్సిడేజ్. గోడలు కూలాక రిక్తికలోంచి వచ్చిన ఫినాల్ పదార్థాలను అది గాలిలోని ఆక్సిజన్‌తో కలిపి క్వినోన్‌లుగా మారుస్తుంది. అవి ఒకదానికొకటి అతుక్కుని గోధుమ వర్ణకాలవుతాయి. అరటిలో ఆ ముడిసరుకు ప్రధానంగా డోపమైన్, మన మెదడులో సంకేతాలు మోసే అదే పదార్థం. తిన్న డోపమైన్ మెదడులోకి చేరలేదు కాబట్టి అరటిపండు తింటే ఉల్లాసం వస్తుందన్న ప్రచారానికి ఇందులో ఆధారం లేదు. నిమ్మరసం పిండితే రంగు ఎందుకు నిలుస్తుంది? ఆ పులుపులో ఎంజైమ్ సరిగా పనిచేయదు. పైగా విటమిన్ సి క్వినోన్‌లను మళ్లీ వెనక్కి తిప్పుతుంది.

రంగు మారితే పోయేదేముంది, రుచి ఉంటే చాలదా అనుకోవచ్చు. 2023లో ఫుడ్ అండ్ ఫంక్షన్ పత్రికలో హావియెర్ ఓట్టావియాని, గుంటర్ కూన్లే తదితరులు ప్రచురించిన ప్రయోగం ఆ ప్రశ్నకు గట్టి జవాబు. గుండెకూ రక్తనాళాలకూ మేలు చేస్తాయని భావించే ఫ్లావనాల్ పదార్థాలున్న రెండు రకాల స్మూదీలు చేశారు, ఒకటి అరటితో, ఒకటి బెర్రీలతో. తాగినవాళ్ల రక్తంలో కొలిస్తే, ఫ్లావనాల్ గొట్టం మాత్ర మింగినప్పటితో పోలిస్తే అరటి స్మూదీ తాగినప్పుడు 84 శాతం తక్కువ కనిపించింది. అరటిలోని ఎంజైమ్ స్మూదీలోని ఫ్లావనాల్‌లను తినేసింది. పాల్గొన్నవాళ్లు కొద్దిమందే, అయినా రసాయన కారణం స్పష్టంగా ఉంది. మన వంటింటికి దీన్ని తెస్తే: ఆపిల్, నల్ల ద్రాక్షల్లాంటి ఫ్లావనాల్ పండ్లను అరటితో కలిపి మిక్సీ పట్టకండి. ఆ ఫ్లావనాల్ పండ్లకు మామిడి, అనాస, కమలా జతచేయండి. వాటిలో ఆ ఎంజైమ్ తక్కువ.

చల్లదనం విషయానికి వస్తే లెక్క ఇలా ఉంటుంది. 30 డిగ్రీల వేడిలో ఉన్న 300 గ్రాముల పాలూ పండూ 5 డిగ్రీలకు దిగాలంటే సుమారు 7 వేల కేలరీల వేడిని తీసేయాలి. ఒక గ్రాము ఐసు కరగడానికి 80 కేలరీలు పీలుస్తుంది. అంటే 80 గ్రాములకు పైగా ఐసు వేయాలి. అదంతా చివరికి నీళ్లే. పాలు, పండు ముందే ఫ్రిజ్‌లో చల్లబెట్టుకుంటే పలచబడే బాధ ఉండదు. 500 వాట్ల మిక్సీ ఒక నిమిషంలో లాగే విద్యుత్తు కూడా దాదాపు 7 వేల కేలరీలకు సమానం. అందులో చాలా భాగం మోటారు వేడిగా పోయినా ఎంతో కొంత జారులోకి చేరుతుంది. అందుకే ఆపి ఆపి తిప్పాలి. చలిలో తీపి తక్కువగా తెలుస్తుందని కూడా గుర్తుంచుకోవాలి. తీపిని పసిగట్టే నాలుక కణాల్లో ఒక అయాన్ ద్వారం వేడిగా ఉంటే చురుగ్గా, చల్లగా ఉంటే మందంగా పనిచేస్తుందని 2005లో నేచర్ పత్రికలో బెల్జియం శాస్త్రవేత్తలు చూపించారు. మంచులా చల్లగా ఉన్నప్పుడు రుచిచూసి చక్కెర వేస్తే చెయ్యి బరువవుతుంది.

చక్కెర సంగతి ఇంకొంచెం ఆగి చూడాల్సిందే. దేశంలో 10 కోట్లకు పైగా మధుమేహులున్నారని భారత వైద్య పరిశోధన మండలి సర్వే 2023లో తేల్చింది. గోడలు కూలితే పండులోని చక్కెరకు ఏమవుతుంది? ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో 1977లో చేసిన ప్రయోగం ఇప్పటికీ చదవదగ్గది. పదిమందికి 60 గ్రాముల కార్బోహైడ్రేట్‌కు సరిపడా ఆపిల్‌ను మూడు రూపాల్లో ఇచ్చారు. పండుగా నమిలి తినడానికి సుమారు 17 నిమిషాలు పట్టింది, గుజ్జుగా 6, రసంగా ఒకటిన్నర. రక్తంలో గ్లూకోజు మూడింటిలోనూ దాదాపు ఒకే ఎత్తుకు లేచింది, కానీ రసానికీ గుజ్జుకూ ఇన్సులిన్ ఎక్కువ ఊరింది. రసం తాగిన తర్వాత గ్లూకోజు బాగా కిందికి పడిపోయింది, గుజ్జు తర్వాత అంతకంటే తక్కువగా పడింది, పండు తిన్నాక పడలేదు. కడుపు నిండిన తృప్తి పండుకే ఎక్కువ. స్మూదీలో పీచు ఉంది, వడకట్టిన రసం కంటే మేలే. అయితే నమలడానికి పట్టే సమయం అందులో లేదు. మూడు సపోటాలు, ఒక అరటిపండు ఒకేసారి కూర్చుని తినేవాడు అరుదు, గ్లాసులో అయితే అవి రెండు నిమిషాల్లో ఖాళీ. బ్రిటన్ ఆరోగ్యశాఖ రసమూ స్మూదీ కలిపి రోజుకు 150 మిల్లీలీటర్లకు మించవద్దంటుంది. సాంచాల పేటలో స్టీలు గ్లాసు దానికి రెట్టింపు పడుతుంది. షిఫ్టు దిగిన మనిషి దాహానికి ముందు నీళ్లో ఉప్పేసిన మజ్జిగో ఇచ్చి, స్మూదీని చిన్న గ్లాసులో తిండిగా ఇవ్వమని నా మాట. చక్కెర అసలు వద్దు.

మిక్సీ కూల్చలేని గోడలు కూడా ఉన్నాయి. 1952లో ఆల్ఫ్రెడ్ హెర్షీ, మార్తా చేస్ జన్యు పదార్థం డి.ఎన్.ఎ. అని తేల్చిన ప్రసిద్ధ ప్రయోగంలో వంటింటి వేరింగ్ బ్లెండర్‌నే వాడారు. బాక్టీరియాకు అంటుకున్న వైరస్‌ల ఖాళీ తొడుగులను ఆ సుడిలో ఊడగొట్టారు. తొడుగులు ఊడాయి, బాక్టీరియా మాత్రం అంతగా చెక్కుచెదరలేదు. వాటి లోపల కొత్త వైరస్‌లు పుట్టుకొచ్చాయి కూడా. పండు కణం మిల్లీమీటరులో పదో వంతు, బాక్టీరియా మిల్లీమీటరులో వెయ్యో వంతు. పండును గుజ్జు చేసే రెక్కకు బాక్టీరియా చిక్కదు. పండు తోలు మీదా, ఐసులోనూ టైఫాయిడ్ సూక్ష్మజీవి ఉంటే మిక్సీ దాన్ని చంపదు, గ్లాసంతా సమంగా కలిపి పెడుతుంది. గడ్డకట్టినంత మాత్రాన కూడా అది చావదు.

సూరత్‌కు శుభ్రత పాఠం ఖరీదుగానే అందింది. 1994 సెప్టెంబరులో ప్లేగు భయంతో లక్షలమంది ఊరు విడిచి పోయారు, ఆ మరుసటి సంవత్సరం కమిషనర్‌గా వచ్చిన ఎస్.ఆర్.రావు చెత్త, మురుగుతో పాటు తినుబండారాలు అమ్మే చోట్ల శుభ్రతను కూడా పట్టుబట్టి దారికి తెచ్చారు. ఐసు విషయంలో 2018లో ఆహార భద్రతా ప్రాధికార సంస్థ ఇచ్చిన ఆదేశం గుర్తుంచుకుంటే చాలు: తినడానికి పనికిరాని ఐసుకు నీలిరంగు కలపాలి. చేపల మీద, కూల్ డ్రింకు సీసాల చుట్టూ వేసే ఐసు అది. ఇంట్లోనైతే కాచి చల్లార్చిన నీళ్లతోనే ఐసు చేసుకోండి. తోలు తీసి పారేసే పండునైనా కోయక ముందు కడగాలి, ఎందుకంటే కత్తి తోలు మీది మురికిని లోపలికి తీసుకెళ్తుంది.

జారు కడగడం దగ్గర చాలామంది తొందరపడతారు. రెక్క కింద ఇరుసు ఉండే చోటా, మూతకున్న రబ్బరు వాషర్ లోపలా పండు గుజ్జు ఇరుక్కుంటుంది. చక్కెర, ప్రోటీన్, తేమ, సూరత్ ఉక్క – బాక్టీరియాకు ఇంతకంటే ఏం కావాలి? తాగిన వెంటనే జారులో సగం నీళ్లు, రెండు చుక్కల సబ్బు వేసి పది సెకన్లు తిప్పి పారబోయాలి. వాషర్ ఊడదీసి విడిగా తోమి, రెండింటినీ బోర్లించి ఆరనిచ్చాకే మూత పెట్టాలి.